తెంచిన పడుగు

నూట పదకొండు, నూట పన్నెండు. మూడు వేల పైచిలుకు పోగుల్లో నూట పన్నెండు అతికాయి, ఇంకెన్ని ఉన్నాయో లెక్కపెట్టే ఓపిక నాకు లేదు, లెక్కపెట్టినంత మాత్రాన తరగవు కూడా. మా అత్త తిమ్మమ్మ అవతల కూర్చుని మగ్గం వెనక దూలానికి చుట్టి ఉన్న పడుగు నిలువు పోగుల్లోంచి ఒక్కో పోగు ఏరి అందిస్తుంది. నేను మగ్గం వైపు వేలాడుతున్న దాని జోడు పోగును పట్టుకుని, వేళ్ళకు బూడిద అద్దుకుని, రెండు కొసలనూ కలిపి మెలిపెడతాను. ఒక మెలి, ఒక లాగు, గట్టిగా అతికిందా లేదా అని ఒక చూపు. పదకొండున్నరకు కూర్చున్నాం, ఇప్పుడు పన్నెండు. ఈ అరగంటలో మా మధ్య ఒక్క మాట లేదు. మూరెడు దూరంలో ఎదురెదురుగా కూర్చుని, వేళ్ళూ వేళ్ళూ తగులుతుంటే మొహాలు చూసుకోకుండా ఉండటం ఎంత కష్టమో మా ఇద్దరికే తెలుసు. బయట ఎమ్మిగనూరు ఎండ వాకిలిని మాడుస్తోంది, పక్కింటి మగ్గం టకటకమంటోంది, మా ఆయన హనుమేష్ నూలు తేవడానికి పొద్దున్నే వెళ్ళాడు. సెల్‌ఫోన్ నా పక్కన పీట మీద ఉంది. ఒంటిగంటకు మోగుతుంది. కర్నూలు హాస్టల్ నుంచి మా మహేశ్వరి చేస్తుంది, నేను ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన ఈ నలభై రెండు రోజులుగా రోజూ అదే వేళకు చేస్తోంది, ఎత్తగానే అదే మాట అడుగుతుంది, అమ్మా, ఉండావా? బాగున్నావా అని కాదు, తిన్నావా అని కాదు. ఉండావా అని. ఈ రోజు ఆ మాటకు నేను చెప్పాల్సిన జవాబు ఊ అనడంతో సరిపోదు, అందుకే మెలిపెట్టిన ప్రతి పోగు దగ్గరా నా కన్ను ఫోన్ వైపు పోతోంది.

పడుగు ఎలా తెగిందని నేను ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే అడిగాను. మా ఆయన గోడవైపు చూస్తూ ఎలుకలు కొరికినాయన్నాడు. పాతికేళ్ళుగా మగ్గం మీద కూర్చునేదాన్ని, నాకా ఎలుకల కథ చెప్పేది? మూడు వేల పోగుల్ని తాడు పట్టి గీత గీసినట్టు ఒకే వరసలో కొరికే ఎలుక ఉంటే దాన్ని పట్టుకుని పనిలో పెట్టుకోవాలి. నేనేమీ అనలేదు. నాకు తెలుసు. మా అత్తవాళ్ళ ఇంట్లో ఒక పద్ధతి ఉంది, మగ్గం మీద కూర్చునే మనిషి పోతే, శవాన్ని లోపలికి తేకముందే ఆ మగ్గం మీది పడుగు తెంచేయాలి. వెనక ఒకసారి, ముందు ఒకసారి. సగం నేసిన బట్టను తీసి పోయిన మనిషి పాదాల మీద కప్పుతారు. పని సగంలో ఉంటే ఆ మనిషి మగ్గం చుట్టూనే తిరుగుతుందట. పదకొండేళ్ళ కింద మా మామ పోయినప్పుడు అత్త కత్తెర తీసుకుని లోపలికి వెళ్ళడం, రెండు నిమిషాల్లో బట్ట భుజాన వేసుకుని బయటికి రావడం నేను కళ్ళారా చూశాను. ఆమె కళ్ళు అప్పుడు పొడిగా ఉన్నాయి. నా విషయంలోనూ కత్తెర ఆమే తీసుకుని ఉంటుంది, ఇంకెవరు తీసుకుంటారు. తప్పు ఆమెది కాదు. నేను పోయానని ఆమెకు చెప్పారు. ఆ తప్పు కాని తప్పుకు నలభై రెండు రోజులుగా నాకు అన్నం పెడుతోంది, వేడినీళ్ళు తోడుతోంది, విరిగిన పక్కటెముకల మీద గుడ్డ కాపడం పెడుతోంది, మొహం మాత్రం చూడదు.

పోగు తెగింది, మళ్ళీ మెలిపెట్టాలి. నేను పోయాననుకున్న ఆ రోజు నా చేతులు తడిగా ఉన్నాయి. రంగు పెట్టిన నూలు చిలపలు పిండి ఇనుప తీగ మీద ఆరేస్తున్నాను, ఉల్లిపొర రంగు, ఈ చీరకే, ఇదే రంగు. చూరు కింద బల్బుకు పోయే కరెంటు వైరు పైతోలు ఎప్పుడో ఊడింది, చూద్దాం చూద్దాం అంటూ మా ఆయన రెండేళ్ళు చూశాడు. గాలికి అది వచ్చి ఆరేసే తీగను తాకింది. నా మటుకు నాకు ఒక పెద్ద దెబ్బ, అంతే, ఆ తర్వాతివన్నీ నలుగురూ నలభై రకాలుగా చెప్పినవే. నేను వెల్లకిలా పడ్డానట, వీధి చివరి డాక్టరు, డాక్టరంటే సూదులేసే మనిషి, వచ్చి చెయ్యి పట్టుకుని చూసి తల అడ్డంగా ఊపాడట. మా ఆయన అక్కడే కూలబడ్డాడట. అత్త లోపలికి నడిచిందట. అప్పుడు మూడిళ్ళ అవతలి ఆరాధన, నర్సింగ్ చదువుతూ సెలవులకు వచ్చిన పిల్ల, చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా పరుగెత్తుకొచ్చి, అందరినీ నెట్టేసి, నా రొమ్ము మీద రెండు చేతులూ పెట్టి కుమ్మడం మొదలుపెట్టిందట. ఆడపిల్ల శవం మీద కూర్చుందని ఎవరో అరిచారట కూడా. ఆ పిల్ల వినలేదు. నా ఎముకలు రెండు విరిగాయి, నాకు దగ్గు వచ్చింది, 108 వచ్చింది, కర్నూలు పెద్దాసుపత్రి వచ్చింది. నా బుగ్గ మీద పప్పు అంటుకుని ఉందని, తుడవడానికి కూడా ఎవరికీ తోచలేదని ఆ పిల్లే తర్వాత చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వితే ఎముకలు నొప్పి, అయినా నవ్వాను. మూడు వారాలు నా నవ్వుకూ ఏడుపుకూ ఒకటే నొప్పి.

చావుకూ బతుకుకూ మధ్యలో ఏముందని అందరూ అడిగారు. ఎదురింటి కృష్ణవేణమ్మ అయితే పసుపు కుంకుమ పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది, నేనేదో కొండెక్కి దిగి వచ్చినట్టు. కాళ్ళు మొక్కబోయింది. తర్వాత గొంతు తగ్గించి, "పోయిన మా అత్త యాడన్నా కనపడిందా మే? ఇంగా నా మీద కోపంగానే ఉండాదా?" అని అడిగింది. లేదు, నీ గురించి అడగను కూడా అడగలేదన్నాను. పాపం, ఆమె మొహం వెలిగిపోయింది. ఇంకొకామె నా చెయ్యి తాకాలంటే భయపడి కాఫీ గ్లాసు కింద పెట్టి జరిపింది. పిల్లలు కిటికీలోంచి తొంగి చూశారు, నేను కళ్ళు పెద్దవి చేసి నాలుక చాపితే చెప్పులు వదిలి పారిపోయారు. నేను అందరికీ ఏమీ గుర్తులేదని చెప్పాను. అబద్ధం. నాకు బాగా గుర్తుంది. యముడూ లేడు, దున్నపోతూ లేదు, వెలుగూ లేదు. చిన్నప్పుడు ఎండాకాలం మధ్యాహ్నాలు మా నాయన అన్నానికి లేవగానే నేను కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంతలోకి దిగి ముడుచుకుని పడుకునేదాన్ని. కింద మట్టి చల్లగా ఉండేది, పైన పడుగు పందిరిలా ఉండేది. అచ్చం అలాగే ఉంది. వీధి వీధంతా మగ్గాలు ఒక్కసారి ఆగిపోయినట్టు నిశ్శబ్దం. పుట్టినప్పటి నుంచి ఆ టకటకల్లోనే బతికినదాన్ని, అవి లేకపోతే ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. ఎంత హాయి. కాళ్ళ తీపు లేదు, నడుం నొప్పి లేదు, సాయంత్రానికి ఏం వండాలి అన్నది లేదు. ఎక్కడో కత్తెర కరకరమన్న శబ్దం విన్నట్టు ఉంది, నిజంగా విన్నానో, తర్వాత తెలిసిన సంగతిని నా మనసే అక్కడ కుట్టిపెట్టుకుందో చెప్పలేను. ఆ శబ్దానికి కూడా నాకు బాధ కలగలేదు. తెంచితే తెంచనీ అనిపించింది. చెప్పుకోలేనిది ఇదే. నాకు అక్కడ ఎవరూ గుర్తు రాలేదు. మా ఆయన రాలేదు, సరే, ఆయన పక్కనుండగానే చాలాసార్లు గుర్తురాడు. నా బిడ్డ గుర్తు రాలేదు. కన్న బిడ్డ, ఒక్కగానొక్క బిడ్డ, దాని పేరు కూడా నాలో లేదు. ఎవరో నన్ను పట్టి లాగుతుంటే వదలండి, వదలండి అని అనుకున్నాను.

కర్నూలు ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి మహేశ్వరి మంచం పక్కన ఉంది. జడ ఊడిపోయి, చున్నీ ఒక పక్కకు వేలాడుతూ, మూడు రోజులు కూర్చున్న మొహం. నా చెయ్యి తీసి చెంపకు ఆనించుకుని, "నా కోసరమే వచ్చినావు కదమ్మా" అంది. గొంతులో గొట్టం ఉంది, మాట రాదు, వచ్చినా ఏం చెప్పేదాన్ని? తల ఊపాను. ఏ తల్లి ఊపదు? ఆ ఒక్క ఊపు ఇంత దూరం తెస్తుందని అప్పుడు అనుకోలేదు. ఆ పిల్ల దాన్ని పట్టుకుంది. తన కోసం వచ్చిన అమ్మ, తను దూరంగా ఉంటే మళ్ళీ పోతుందని మనసులో పెట్టుకుంది. మొదట రోజుకొక ఫోన్, తర్వాత ప్రతి శనివారం బస్సెక్కి రావడం, తర్వాత పరీక్ష ఒకటి ఎగ్గొట్టడం. వచ్చినప్పుడల్లా నేను నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది, నాకు మెలకువ ఉందని తెలియదు, నేను కావాలనే కాస్త గట్టిగా ఊపిరి పీలుస్తాను. నిన్న ఫోన్లో చెప్పింది, రేపు టీసీకి రాసిచ్చేస్తానమ్మా, డిగ్రీ లేకపోతే ఏమైంది, ఇంటికాడే ఉంటా, నీ పక్కనే ఉంటా, మగ్గం నేర్చుకుంటా అని. మా ఇంట్లో డిగ్రీ రెండో సంవత్సరం దాకా వచ్చిన మొదటి మనిషి అది. లెక్కల్లో కాలేజీకే మొదట వచ్చింది. నా తల ఊపుడుకు పడిన ముడి ఇది, దీన్ని నేనే విప్పాలి, విప్పాలంటే నిజం చెప్పాలి. ఏమని? నువ్వు నాకు గుర్తు రాలేదే అనా?

అత్త పోగు అందించింది, నేను అందుకోవడం ఆలస్యమైంది, ఆమె వేలు అలాగే గాల్లో ఆగింది. ముసలి వేలు, చివర నూలు కోసి కోసి గీతలు పడ్డ వేలు. దాన్ని చూస్తే నాకు ఏడుపు వచ్చింది. ఇప్పుడు నాకు దేనికైనా వస్తుంది, ఉల్లిగడ్డ పొట్టు ఎండలో మెరిసినా వస్తుంది, ఆటోలో ఎవరో ముసలాయన కూతురికి చెప్పు తొడగడం చూసినా వస్తుంది. డాక్టరమ్మ కొన్నాళ్ళు ఇలాగే ఉంటుంది, భయపడొద్దంది. భయం లేదు, అదే చెప్పాను ఆమెకు, నాకు చావంటే ఇప్పుడు బల్లి అంటే ఉన్నంత భయం కూడా లేదు. నా భయం వేరు. నలభై రెండు రోజులుగా నేను గుంతలో కాళ్ళు పెట్టలేదు. ఈ రోజు కూడా పైనే కూర్చుని అతుకుతున్నాను. గుంతలో ఆ చల్లదనం తగిలితే, అది నాకు మళ్ళీ హాయిగా అనిపిస్తే? చచ్చిపోతానని కాదు, పోవాలనిపిస్తుందేమోనని. ఇది డాక్టరమ్మకు చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్తాం.

తడి కళ్ళతో పోగు కనపడక మగ్గం ముందు వైపు చూశాను. అప్పుడు కనపడింది. ఇన్నాళ్ళూ ఎదురుగానే ఉంది, నేను చూస్తూనే చూడలేదు. నేసిన సగం చీర అక్కడే ఉంది. దాని అంచు పచ్చగా, నేను ఆపిన చోట ఆపినట్టే ఉంది. దువ్వెన పళ్ళలాంటి పన్నెలోంచి వచ్చిన పోగులన్నీ ఆ బట్టకు అలాగే అంటుకుని ఉన్నాయి. తెగింది వెనక వైపు మాత్రమే. ముందు వైపు కత్తెర పడలేదు. పడి ఉంటే పన్నె ఊడి వచ్చేది, మేమిప్పుడు ఇలా కొసలు కలుపుతూ కూర్చునే పనే లేదు, అంతా విప్పి కొత్తగా ఎక్కించుకోవాల్సిందే.

"అత్తా, ముందర పక్క తెంచలేదే?"

అడిగేశాను. నలభై రెండు రోజుల తర్వాత మా మధ్య మొదటి అసలు మాట. ఆమె పోగును ఒళ్ళోకి దించుకుంది.

"మీ మామకు రెండు పక్కలా తెంచినా" అంది తల దించుకునే. "కన్ను ఆర్పకుండా తెంచినా. నీది ఎనక పక్క తెంచి ముందరికొచ్చినా. కత్తెర పెట్టినా. చెయ్యి రాలే. ఎంతసేపు నిలబడుకున్నానో ఏమో, బయట నువ్వు దగ్గినావు. దేవుడా, నేను తెంచినందుకే పోతాండెనేమో పిల్ల అనుకున్నా. అప్పుటి నుంచి నీ మొగం చూడాలంటే..."

 నేనిక ఆగలేకపోయాను. ఇంతకన్నా మంచి సమయం రాదనిపించిందో, ఆమె తన గుండె నా ముందు పెట్టింది కాబట్టి నాది దాచుకోవడం సిగ్గనిపించిందో.

"నువ్వు తెంచకముందే నేను తెంచుకున్యా అత్తా. నాకు ఆడ శానా హాయిగా ఉండె. ఎవురూ గుర్తుకు రాలే. పాప కూడా గుర్తుకు రాలే. రావల్లని లేకుండె నాకు. ఆ పిల్లకు మటుకు నీ కోసరమే వచ్చినా అని తలకాయ ఊపినా."

చెప్పాక కళ్ళు మూసుకున్నాను. తిడుతుందనుకున్నాను, లేదా ఏడుస్తుందనుకున్నాను. ముక్కు చీదిన శబ్దం వచ్చింది. కళ్ళు తెరిస్తే అత్త నవ్వుతోంది. కొంగుతో మూతి తుడుచుకుంటూ నా మొహంలోకి సూటిగా చూస్తూ నవ్వుతోంది.

"ఓసి పిచ్చిదానా, దీనికా ఇన్ని దినాలు మొగం మాడ్చుకోనుండేది! నీ మొగుణ్ణి కన్నప్పుడు రెండు దినాలు నొప్పులు పడినా. మంత్రసాని బిడ్డను తెచ్చి మొగం కాడ పెడితే, పక్కన పెట్టుమ్మా, నేను పండుకుంటా అన్యా. ఆడో మొగో కూడా అడగలే. బతికిండాడో లేదో కూడా అడగలే. అంత హాయి మళ్ళా నాకు ఏ పొద్దూ రాలే. తెల్లారి లేసి ఎత్తుకున్యా." పోగు నా చేతిలో పెట్టింది. "నలభై ఐదేండ్లాయ. ఇంగా దించలే."

నాకు నవ్వు వచ్చింది, ఎముకల దగ్గర కొంచెం కలుక్కుమంది, అయినా ఆపుకోలేకపోయాను. నలభై ఐదేళ్ళ హనుమేష్‌ను చంకనేసుకున్న అత్త కళ్ళ ముందు కదిలింది, ఆ ఎలుకల కథ చెప్పిన మొహంతో సహా. ఇద్దరం బూడిద చేతులతో మొహాలు తుడుచుకుని ఇద్దరు సన్నాసుల్లా తయారయ్యాం. ఎన్నాళ్ళుగానో గుండె మీద కూర్చున్న బరువేదో లేచి పక్కకు జరిగినట్టుంది. అలసిన మనిషి పడుకుంటే ఎవరినీ తలుచుకోదు. అంతేనా? ఇంత చిన్న సంగతా? నేను పాతికేళ్ళుగా అలసిపోయి ఉన్నాను, ఆ రోజు కాసేపు పడుకున్నాను, ఒక పిల్ల వచ్చి లేపింది. లేచాక ఎత్తుకున్నానా లేదా? ఎత్తుకున్నాను. ముక్కు దగ్గర వేలు పెడితే గట్టిగా ఊపిరి పీల్చింది నేనే కదా. ఆలోచించకుండానే కాళ్ళు కిందికి జార్చాను. గుంతలో మట్టి చల్లగా తగిలింది. హాయిగానే ఉంది. హాయిగా ఉంది, పైన అత్త ఉంది, పక్కింటి మగ్గం టకటకమంటోంది, నా కాలికి చీమ ఒకటి కుట్టింది. ఎక్కడికీ పోవాలనిపించలేదు. చీమను తీసి పక్కకు వేశాను.

ఈ చీరలో అడ్డంగా మూడు వేల అతుకులు పడతాయి, ఏ షావుకారూ తీసుకోడు. అత్తతో అదే అన్నాను. "నువ్వే కట్టుకో. పాతికేండ్లాయ నేస్తాండావు, ఒకటన్నా కట్టుకున్నావా?" అంది. నిజమే, కట్టుకోలేదు. ఉల్లిపొర రంగు నాకు నప్పుతుందో లేదో కూడా తెలియదు.

ఫోన్ మోగింది. ఒంటిగంట. బూడిద చేత్తోనే ఎత్తాను.

"అమ్మా, ఉండావా?"

"ఉండా పాపా."

"టీసీకి రాసినానమ్మా. ఈడ ఆఫీసు కాడనే ఉండా, ఇచ్చేసి సాయంత్రం బస్సుకు..."

"ఆ కాగితం చేతిలోనే పెట్టుకో. ఒక మాట ఇను ముందు. ఆసుపత్రిలో నేను తలకాయ ఊపినా కదా, అది అబద్ధం. నేను నీ కోసరం రాలే."

అటు నుంచి కర్నూలు బస్సుల హారన్లు మాత్రం వినపడుతున్నాయి. అత్త పోగు పట్టుకుని కదలకుండా నా వైపే చూస్తోంది. నేను ఆపలేదు.

"నువ్వు గుర్తుకే రాలే. ఎవురూ రాలే. పండుకున్నట్ల ఉండె, ఆరాధన ఎముకలిరగ్గొట్టి లేపింది. లేసినాక నువ్వు కనపడినావు. జడంతా ఊడిపోయి, మూడు దినాలు తిండి లేనట్ల. అప్పుడు ఉండల్లనిపించింది. వచ్చింది నీ వల్ల కాదు, నా పానం నువ్వు పట్టుకోని కూసుంటే నిలిచేది కాదు. నువ్వు ఈడున్నా ఆడున్నా అంతే."

 ఏడుస్తోందేమో అనుకున్నాను. తర్వాత ఒక పెద్ద ఊపిరి వదలడం వినిపించింది, నెత్తి మీది మూట దింపినప్పుడు మనిషి వదిలే ఊపిరి. దాని గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

"అయితే, నేను రాకపోయినా ఉంటావామ్మా?"

"ఉంటా. సగం చీర మగ్గం మీద ఉండాది, యాడికి పోతా? పోయి పరీక్షకు చదువుకోపో."

అది నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. కాగితం చిరిగిన శబ్దం మాత్రం వినిపించింది. ఫోన్ పీట మీద పెట్టి, వేళ్ళకు మళ్ళీ బూడిద అద్దుకున్నాను. లెక్క ఎక్కడ ఆగిందో మరిచిపోయాను. అత్తకూ గుర్తు లేదు. ఆమె తరువాతి పోగు అందించింది, నేను అందుకున్నాను.